షుగర్‌కు మూలకణాలు: ప్యాకెట్ మీద ఒకే పేరు, లోపల వేర్వేరు విత్తనాలు

మే నెలలో పరకాల, నర్సంపేట దిక్కు ఊళ్లలో ఎండ 44 డిగ్రీలు దాటితే ఇన్సులిన్ సీసాను కాపాడుకోవడమే ఒక పని. ఫ్రిజ్ లేని ఇంట్లో, ఉన్నా కరెంటు నిలబడని ఇంట్లో దానికొక పద్ధతి ఉన్నది. పెద్ద మట్టికుండ, దాని లోపల చిన్న గురిగి, రెండింటి నడుమ తడి ఇసుక. గురిగిలో సీసా, మూతి మీద తడిగుడ్డ. పొద్దున, మాపు ఇసుక మీద నీళ్లు చిలకరిస్తే ఆ నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. టైప్-1 షుగర్ ఉన్న పిల్ల ఇంట్లో రోజుకు మూడు నాలుగు సార్లు ఆ గురిగిలోంచి సీసా బయటికి వస్తుంది. ఒక పూట తప్పితే షుగర్ ఎగబాకుతుంది. రెండు రోజులు తప్పితే ప్రాణానికే ముప్పు.

అదే ఇంట్లో ఫోన్‌కు ఒక వీడియో వస్తుంది. స్టెమ్ సెల్‌తో, అంటే మూలకణాలతో, షుగర్ మాయం, సూది బంద్, గోలీలు బంద్ అని. పిల్ల తల్లి దాన్ని రెండుసార్లు చూసి, తెలిసిన డాక్టర్‌కు చూపించి అడుగుతుంది: "నిజమేనా సారూ? భూమి అమ్మైనా చేపిస్తం."

ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. మూలకణాలతో చేసిన చికిత్స వల్ల ఇన్సులిన్ సూది మానేసిన మనుషులు ఈ భూమ్మీద నిజంగానే ఉన్నారు. వీడియోలో అమ్ముతున్నది మాత్రం ఆ చికిత్స కాదు. పేరు ఒకటే కావడంతో ఈ రెండూ కలిసిపోయాయి, భూములు అమ్ముకునే దాకా వస్తున్నది కూడా అందుకే. నకిలీ విత్తనాల దెబ్బ తిన్న పత్తి రైతుకు, మిర్చి రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ప్యాకెట్ మీద పేరు ఒకటి, లోపలి గింజ ఇంకొకటి. మొలిచి పూత రావాల్సిన నాటికి గానీ తేడా తెలియదు. వైద్యంలో ఆ పూత కోసం ఆగే అవకాశం కూడా ఉండదు కాబట్టి గింజను ముందే గుర్తుపట్టాలి.

రెండు షుగర్‌లు, రెండు నష్టాలు

కడుపులో, జీర్ణాశయం వెనుక క్లోమం ఉంటుంది. అందులో నూటికి ఒకటి రెండు వంతులకు మించని భాగం చిన్న చిన్న కణాల గుంపులుగా చెదిరి ఉంటుంది. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి వీటిని సూక్ష్మదర్శిని కింద చూశాడు. ఆ పేరు మీదే లాంగర్‌హాన్స్ దీవులు అంటారు. మనిషి క్లోమంలో ఇవి దాదాపు పది లక్షలు. వీటిలో ఉండే బీటా కణాలే ఇన్సులిన్ తయారు చేస్తాయి. రక్తంలో చక్కెర ఎంత ఉన్నదో క్షణక్షణం కొలుస్తూ అంతకు తగ్గట్టు ఇన్సులిన్ వదులుతాయి. కొలిచేదీ వదిలేదీ ఒకే కణం. బయటి నుంచి వేసే సూదికి ఈ తెలివి లేదు, అందుకే ఒకరోజు ఎక్కువై కళ్లు తిరుగుతాయి, ఇంకోరోజు తక్కువై చక్కెర పెరుగుతుంది.

కాకతీయులు తవ్వించిన గొలుసుకట్టు చెరువుల కింద బతికినవాళ్లకు రెండు షుగర్‌ల తేడా ఇలా చెప్పవచ్చు. టైప్-1లో చెరువే ఎండింది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పొరబడి సొంత బీటా కణాలనే శత్రువులనుకుని చంపేసింది. నీళ్లు లేవు, తూము ఎత్తినా లాభం లేదు. ఇది ఎక్కువగా పిల్లల్లో, యువకుల్లో వస్తుంది. టైప్-2లో మొదట చెరువు నిండుగానే ఉంటుంది, కాలువలు పూడుకుపోతాయి. ఇన్సులిన్ ఉన్నా కండరాలు, కాలేయం దాని మాట వినవు. చివరి మడికి నీరు అందించడానికి తూము ఇంకా ఇంకా ఎత్తుతారు. అలా ఏళ్లు గడిచాక చెరువు కూడా అడుగంటుతుంది. మన దగ్గర షుగర్ ఉన్న నూరు మందిలో తొంభై మందికి పైగా ఈ రెండో రకం వాళ్లే. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2023లో వెలువరించిన దేశవ్యాప్త సర్వే లెక్కన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు.

మూలకణాల పరిశోధనలో గట్టి ఫలితాలు వచ్చినది ప్రధానంగా టైప్-1 కోసం. వరంగల్‌లో వీడియోలు చూసి ఆశపడేవాళ్లలో ఎక్కువమందిది టైప్-2. గందరగోళంలో సగం ఈ ఒక్క తేడాను చెప్పకపోవడం వల్లనే పుడుతున్నది.

చెరువు మళ్లీ నింపే ప్రయత్నం

ఎండిన చెరువును నింపవచ్చా అన్న ప్రశ్నకు మొదటి గట్టి జవాబు కెనడాలోని ఎడ్మంటన్ నుంచి వచ్చింది. 2000లో జేమ్స్ షాపిరో బృందం, చనిపోయిన దాతల క్లోమాల నుంచి దీవులను వేరుచేసి ఏడుగురు టైప్-1 రోగుల కాలేయంలోకి ఎక్కించింది. ఏడుగురూ సూది మానేశారు. ప్రపంచమంతా ఆశపడింది. కానీ ఒక్కో మనిషికి ఇద్దరు ముగ్గురు దాతల క్లోమాలు కావలసి వచ్చాయి. ఆ కేంద్రంలోనే ఐదేళ్ల తర్వాత చూస్తే సూది లేకుండా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరే. చాలామందిలో కొంత ఇన్సులిన్ తయారవుతూనే ఉన్నది, కానీ అది సరిపోలేదు. ఈ బాటలోనే 2023 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాతల దీవులతో చేసే ఒక చికిత్సకు అనుమతి ఇచ్చింది. అయినా దాతల క్లోమాలు ప్రపంచానికి ఎన్నడూ సరిపోవు. కిడ్నీ కోసమే ఏళ్ల తరబడి ఎదురుచూసే దేశంలో ఆ సంగతి వేరే చెప్పనక్కర లేదు.

దాత అవసరం లేకుండా బీటా కణాలను ప్రయోగశాలలో పండించగలిగితే? మూలకణాల కథ మొదలయ్యేది ఇక్కడే. మూలకణం అంటే ఇంకా ఏ పనికీ కుదురుకోని కణం. పిండం తొలి దశలో ఉండే మూలకణం గుండె కణమూ కాగలదు, నరమూ కాగలదు, బీటా కణమూ కాగలదు. అమెరికాలో జేమ్స్ థామ్సన్ 1998లో మనిషి పిండ మూలకణాలను మొదటిసారి వేరుచేసి పెంచాడు. జపాన్‌లో షిన్యా యమనాకా 2006లో ఎలుక చర్మకణాలను, మరుసటి ఏడు మనిషి చర్మకణాలను వెనక్కి నడిపించి మళ్లీ మూలకణాల స్థితికి తెచ్చాడు. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది.

మూలకణం దొరికినంత మాత్రాన బీటా కణం దొరికినట్టు కాదు. పిండంలో క్లోమం ఏర్పడేటప్పుడు ఏ రోజు ఏ సంకేతం అందుతుందో, ఆ వరుసలోనే గాజుపాత్రలో రసాయనాలు అందించాలి. నారు పోసి, నాటు వేసి, పొట్టకు వచ్చేదాకా ప్రతి దశలో తడి, ఎరువు లెక్క తప్పకూడనట్టు ఇది నెలరోజుల పైన నడిచే సాగు. ఒక దశ తప్పితే బీటా కణం బదులు ఇంకేదో మొలుస్తుంది. మారకుండా మిగిలిన మూలకణాలు ఒంట్లోకి పోతే గడ్డలు కట్టే ప్రమాదం కూడా ఉన్నది. హార్వర్డ్‌లో డగ్లస్ మెల్టన్ బృందం ఈ సాగును పట్టాలెక్కించి 2014లో ప్రచురించింది. మెల్టన్ మొదట కప్పల పిండాల మీద పనిచేసిన శాస్త్రవేత్త. 1991లో పసికందుగా ఉన్న కొడుకుకు టైప్-1 రావడంతో పరిశోధన దారి మార్చుకున్నాడు. తర్వాత కూతురికీ అదే వచ్చింది. అప్పటి నుంచి 2014 దాకా ఇరవై ఏళ్లకు పైనే పట్టింది. ఒక తండ్రి పట్టుదలకు, ప్రపంచంలోని మేటి ప్రయోగశాలకు ఇన్నేళ్లు పట్టిన పనిని ఎవరైనా అరగంట సిట్టింగ్‌లో చేస్తామంటే ఈ కాలమానాన్ని గుర్తుచేసుకోవాలి.

ఆ కణాల మీద పుట్టిన చికిత్స పేరు జిమిస్లెసెల్. వర్టెక్స్ అనే అమెరికా సంస్థ దాని మీద మనుషుల్లో పరీక్షలు చేస్తున్నది. 2025 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఫలితాలను జాగ్రత్తగా చదవాలి. పరీక్షలో మొత్తం 14 మంది. అందరూ టైప్-1 ఉన్న పెద్దవాళ్లు. చక్కెర పడిపోతున్నా తెలియక స్పృహ తప్పే దశకు చేరినవాళ్లు. 12 మందికి పూర్తి మోతాదు, అంటే దాదాపు 80 కోట్ల కణాలు, కాలేయానికి రక్తం తీసుకెళ్లే సిరలోకి ఒక్కసారే ఎక్కించారు. ఏడాది తర్వాత ఆ 12 మందిలో 10 మందికి సూది అవసరం లేకుండా పోయింది. 12 మందిలోనూ మూడు నెలల సగటు చక్కెర, అంటే హెచ్‌బీఏ1సీ, 7 శాతం లోపుకు వచ్చింది. స్పృహ తప్పేంతగా చక్కెర పడిపోవడం ఆగిపోయింది. వైద్యచరిత్రలో ఇది చిన్న సంగతి కాదు. 1922లో మొదటి ఇన్సులిన్ సూది పడిన తర్వాత టైప్-1 రోగులకు వచ్చిన పెద్ద వార్తల్లో ఇదొకటి.

ఆ నివేదికలోనే ఇంకో వాక్యం ఉన్నది. పరీక్షలో పాల్గొన్నవాళ్లలో ఇద్దరు చనిపోయారు. ఒకరిది అంతకుముందే ఉన్న మెదడు జబ్బు ముదరడం వల్ల. ఇంకొకరిది క్రిప్టోకాకస్ అనే ఫంగస్ మెదడు పొరలకు పాకడం వల్ల. వీడియోల్లో పది మంది సంగతి వస్తుంది, ఈ ఇద్దరి సంగతి రాదు.

కాపలాదారును నిద్రపుచ్చే ఖరీదు

ఫంగస్ ఎందుకు సోకింది? ఎక్కించిన కణాలు పరాయివి. పైగా టైప్-1 మనిషి ఒంట్లో బీటా కణాల మీద పాత పగ అట్లనే ఉన్నది. కాబట్టి కొత్త కణాలు బతకాలంటే ఒంటికి కాపలా ఉండే రోగనిరోధక వ్యవస్థను మందులతో అణచి ఉంచాలి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే రకం మందులే, కణాలు బతికి ఉన్నన్నాళ్లూ. వీటిలో ముఖ్యమైన టాక్రోలిమస్ బీటా కణాలకే హాని చేయగలదు, కిడ్నీని కూడా దెబ్బతీయగలదు.

క్రిప్టోకాకస్ పావురాల రెట్టలో, మట్టిలో ఉంటుంది. మామూలు మనిషికి ఏమీ చేయదు. కాపలా తగ్గిన ఒంట్లో ప్రాణం తీస్తుంది. దీన్ని మన నేల మీద పెట్టి చూస్తే ఇంకో రెండు సంగతులు కలుస్తాయి. ఇక్కడ చాలామంది ఒంట్లో క్షయ క్రిమి నిద్రాణంగా ఉంటుంది, కాపలా తగ్గగానే లేస్తుంది. వరి మడుల బురదలో బతికే, మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా షుగర్ ఉన్నవాళ్లనే ముందు పట్టుకుంటుంది. ఉత్తకాళ్లతో నాటు వేసే మనిషికి ఈ మందులు ఇవ్వడమంటే, ఏసీ గదిలో పనిచేసే మనిషికి ఇచ్చినట్టు కాదు. రోజుకు నాలుగు సూదులతో చక్కెర సరిగ్గానే నడుస్తున్న పన్నెండేళ్ల పిల్లను ఈ బాట పట్టించడం నేటి లెక్కలో న్యాయం కాదు. పరీక్షలు కూడా అందుకే, సూది వేసుకుంటూనే పదేపదే స్పృహ తప్పుతున్న పెద్దవాళ్లలో మొదలయ్యాయి.

ఈ ముడి విప్పడానికి మూడు దారుల్లో పని జరుగుతున్నది. ఒకటి, కణాలను సన్నటి జల్లెడలాంటి సంచిలో పెట్టి ఒంట్లో అమర్చడం. చక్కెర, ఇన్సులిన్ అటూ ఇటూ పోతాయి, దాడిచేసే కణాలు లోపలికి రావు. ఆలోచన బాగుంది, ఆచరణలో ఒళ్లు ఆ సంచి చుట్టూ మచ్చలాంటి గట్టి పొర కట్టేస్తున్నది, లోపలి కణాలకు ప్రాణవాయువు అందడం లేదు. వర్టెక్స్ ఇలాంటి ఒక ప్రయత్నాన్ని తగినంత ఇన్సులిన్ రాక 2025లో ఆపేసింది. రెండోది, రోగి సొంత కణాలనే వెనక్కి నడిపించి బీటా కణాలుగా పండించడం. చైనాలోని తియాన్‌జిన్‌లో 25 ఏళ్ల యువతికి ఆమె కొవ్వు కణాల నుంచే దీవులు తయారుచేసి 2023లో పొట్ట కండరం పొర కింద పెట్టారు. 75 రోజులకు ఆమె సూది ఆగింది. ఏడాది దాకా చక్కెర నూటికి 98 పాళ్ల సమయం మంచి హద్దుల్లోనే ఉన్నది. కానీ ఆమె అంతకుముందే కాలేయ మార్పిడి చేయించుకుని కాపలాను అణచే మందులు వాడుతున్నది. సొంత కణాలైతే మందుల్లేకుండా బతుకుతాయా అన్న అసలు ప్రశ్నకు ఆమె ఒళ్లు జవాబు చెప్పలేదు. షాంఘైలో 59 ఏళ్ల టైప్-2 మనిషి కూడా ఇలాగే సూది మానేశాడు, ఆయన కిడ్నీ మార్పిడి అయినవాడు.

మూడోది అన్నింటికంటే ఆశ కలిగించేది. కణాల జన్యువులను కత్తిరించి, రోగనిరోధక వ్యవస్థ కంటపడకుండా చేయడం. స్వీడన్‌లోని ఉప్సలాలో ఒక టైప్-1 మనిషి ముంజేతి కండరంలో ఇలా మార్చిన దాత దీవులను పెట్టారు. కాపలాను అణచే మందు ఒక్కటీ ఇవ్వలేదు. పన్నెండు వారాల తర్వాత కూడా ఆ కణాలు బతికి ఇన్సులిన్ చేస్తూ ఉన్నాయని 2025లో ప్రచురించారు. పెట్టినవి కొద్ది కణాలే కాబట్టి ఆయన సూది ఆగలేదు. ఒక్క మనిషి, కొద్ది కణాలు. అయినా రాబోయే పదేళ్ల పరిశోధన ఇటే నడుస్తుందని అనిపిస్తున్నది.

ఇక్కడ అమ్ముతున్నది ఏమిటి?

పైన చెప్పిన ఏదీ వరంగల్‌లో గానీ, కరీంనగర్‌లో గానీ, హైదరాబాద్‌లో గానీ రుసుము కట్టి చేయించుకునే చికిత్సగా లేదు. మరి స్టెమ్ సెల్ పేరుతో లక్షలు తీసుకుని ఎక్కించేది ఏమిటి? సాధారణంగా అవి మీసెంకైమల్ కణాలు. తుంటి ఎముక మూలుగ నుంచో, పొట్ట కొవ్వు నుంచో, బొడ్డుతాడు నుంచో తీస్తారు. ఇవీ మూలకణాలే, ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఇవి ఎముక, మృదులాస్థి, కొవ్వు కాగల వంశం. సెలైన్‌లో కలిపి చేతి నరంలోకి ఎక్కిస్తే బీటా కణాలుగా మారవు. చాలావరకు ఊపిరితిత్తుల సన్న నాళాల్లో ఇరుక్కుని కొద్ది రోజుల్లో కనుమరుగవుతాయి. మంటను తగ్గించే కొన్ని రసాయనాలు వదులుతాయి కాబట్టి కొత్తగా టైప్-1 వచ్చినవాళ్లలో మిగిలిన బీటా కణాలను కాపాడగలవేమోనని చిన్న చిన్న పరీక్షలు జరుగుతున్నాయి. అది చూడదగిన పరిశోధనే. కాపాడటం వేరు, చచ్చిన కణాలను తిరిగి తేవడం వేరు.

బ్రెజిల్ పరీక్షను కూడా తరచూ సాక్ష్యంగా చూపిస్తారు. 2007లో అక్కడ కొత్తగా టైప్-1 వచ్చిన 15 మందికి చికిత్స చేస్తే 14 మంది కొంతకాలం సూది లేకుండా ఉన్నారు. నిజమే. అక్కడ అసలు మందు మూలకణం కాదు. క్యాన్సర్‌కు వాడే తీవ్రమైన మందులతో రోగనిరోధక వ్యవస్థను కూల్చి, ఆ దెబ్బ నుంచి మూలుగ కోలుకోవడానికి రోగి సొంత మూలకణాలను వెనక్కి ఇచ్చారు. కాలం గడిచేకొద్దీ చాలామంది మళ్లీ సూదికి వచ్చారు. ఆ మందులు సంతాన శక్తిని దెబ్బతీయగలవు. ఆ పరీక్ష పేరు చెప్పి పొట్ట కొవ్వు కణాలు ఎక్కించడానికి ఏ పొంతనా లేదు.

సూది వేసినా నష్టమేముంది, పనిచేస్తే చేస్తుంది లేకపోతే లేదు అనుకునేవాళ్లున్నారు. 2017లో అమెరికాలోని ఫ్లోరిడాలో కంటిచూపు తగ్గిన ముగ్గురు మహిళలకు వాళ్ల కొవ్వు కణాలనే ఒక క్లినిక్ కళ్లలోకి ఎక్కించిన ఘటన వైద్య పత్రికకెక్కింది. ముగ్గురికీ చూపు పోయింది. షుగర్ విషయంలో ఇంకా పెద్ద ప్రమాదం వేరే ఉన్నది. 'చికిత్స అయిపోయింది, సూది ఆపండి' అన్న ఒక్క మాట. టైప్-1 పిల్ల సూది ఆపితే ఒళ్లు కొవ్వును కరిగించి కీటోన్‌లు తయారుచేస్తుంది, రక్తం ఆమ్లమవుతుంది. కడుపునొప్పి, వాంతులు, ఆయాసం. ఊళ్లో దాన్ని కడుపు జబ్బు అనుకుని గ్లూకోజ్ ఎక్కిస్తే మంటలో నూనె పోసినట్టే. వేలి చివర ఒక్క చుక్క రక్తం చూస్తే చాలు, తెలిసిపోతుంది. దాహం, రాత్రుళ్లు మళ్లీ పక్క తడపడం, తిన్నా బక్కచిక్కడం, మూత్రానికి చీమలు పట్టడం కనిపించిన పిల్లకు ఆ చుక్క పరీక్ష ఆ రోజే చేయాలి.

దేశంలో నియమాలు లేక ఈ దుకాణాలు నడుస్తున్నాయనుకోవడం పొరపాటు. ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2007లో మార్గదర్శకాలు తెచ్చినప్పుడు వాటి పేరులో పరిశోధనతో పాటు 'చికిత్స' అన్న మాట ఉన్నది. 2013లో ఆ మాటను కావాలనే తీసేశారు, 2017లో మళ్లీ సవరించారు. రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు మూలుగ మార్పిడి లాంటివి తప్ప, మిగతా ఏ మూలకణ ప్రయోగాన్నైనా అనుమతి పొందిన పరీక్షలోనే చేయాలి, ఆ పరీక్షలో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. 2019 నాటి కొత్త మందుల నియమాల ప్రకారం మూలకణాల నుంచి చేసిన ఉత్పత్తి కొత్త మందు కిందికి వస్తుంది. ఇక షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం జాబితాలో మధుమేహం ఉన్నది. పొడపత్రి చూర్ణం అమ్మినా, స్టెమ్ సెల్ అమ్మినా ఆ చట్టం ఒకటే.

మూలకణ వైద్యమంతా మోసమని చెప్పడం కూడా అన్యాయమే. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 2000ల తొలినాళ్ల నుంచి, యాసిడ్, సున్నం పడి నల్లగుడ్డు పొర దెబ్బతిన్నవాళ్లకు మంచి కంటి నుంచి తీసిన మూలకణాలతో చూపు తెప్పిస్తున్నది. అది ఫలించడానికి కారణం స్పష్టం: నల్లగుడ్డు అంచున ఉండే మూలకణం సహజంగా చేసే పనే అది. ఏ గింజకు ఏ మొక్క వస్తుందో తెలిసి వేశారు, ఏళ్ల తరబడి లెక్క రాశారు, ప్రచురించారు.

బొడ్డుతాడు రక్తం దాచే పథకాల గురించీ ఒక మాట. కాన్పుకు వచ్చిన దంపతులకు, పుట్టబోయే బిడ్డకు రేపు షుగర్ వచ్చినా పనికొస్తుందని చెప్పి వాయిదాల మీద కట్టించుకుంటారు. ఆ రక్తంలో ఉండేవి రక్తకణాలను పుట్టించే మూలకణాలు. టైప్-1 వచ్చిన పిల్లలకు వాళ్ల సొంత బొడ్డుతాడు రక్తాన్నే ఎక్కించి ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చూశారు, ఇన్సులిన్ నిలబడలేదు. సొంతానికని దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఐసీఎంఆర్ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

ఊక చూస్తే వడ్లు దంచింది ఎక్కడో తెలుస్తుంది

చికిత్స ఫలించిందో లేదో కనిపెట్టే పరీక్ష ఒకటి ఉన్నది, దాని పేరు సీ-పెప్టైడ్. బీటా కణం ముందు ఒక పొడవాటి గొలుసును తయారుచేసి, దాన్ని కత్తిరించి ఇన్సులిన్ బయటికి తీస్తుంది. మిగిలిన ముక్కే సీ-పెప్టైడ్. వడ్లు దంచితే బియ్యంతో పాటు ఊక వచ్చినట్టు, ఒక ఇన్సులిన్‌కు ఒక సీ-పెప్టైడ్ వస్తుంది. సీసాలో కొనే ఇన్సులిన్ దుకాణంలో తెచ్చుకున్న బియ్యం లాంటిది, దానికి ఊక ఉండదు. కాబట్టి రక్తంలో సీ-పెప్టైడ్ ఉంటే ఆ ఇంట్లోనే వడ్లు దంచారన్నమాట. జిమిస్లెసెల్ పరీక్షలో మొదట చూసింది ఇదే. కణాలు ఎక్కించకముందు ఎవరిలోనూ కనిపించని సీ-పెప్టైడ్ తర్వాత 14 మందిలోనూ కనిపించింది.

నయమైందని చెప్పే ఎవరి కాగితాల్లోనైనా ముందు ఎంత, తర్వాత ఎంత అని సీ-పెప్టైడ్ లెక్క అడగాలి. తిండి తగ్గించి, కొత్త గోలీలు కలిపి, రెండు వారాలు చక్కెర తగ్గించి చూపడం కష్టమేమీ కాదు. ఊకను అలా పుట్టించడం కుదరదు. దానితో పాటు, ఎక్కించే కణం దేని నుంచి తీశారు, దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఎంత అని కూడా అడగాలి. రిజిస్ట్రీని ఎవరైనా ఫోన్‌లోనే, డబ్బు కట్టకుండా చూడవచ్చు. సంఖ్య చెప్పలేనివాళ్ల దగ్గర, చెప్పి కూడా డబ్బు అడిగేవాళ్ల దగ్గర కూర్చోవాల్సిన పని లేదు. విత్తనాల రైతు లాట్ నంబర్, రసీదు అడిగినట్టే ఇదీ.

టైప్-2 వాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. కాలువలు పూడి ఉండగా చెరువులో కొత్త నీళ్లు పోస్తే అవీ చివరి మడికి చేరవు. పూడిక తీయడం మీద సాక్ష్యం ఇప్పటికే ఉన్నది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరీక్షలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని, సూది మొదలుపెట్టని టైప్-2 మనుషులు వైద్యుల పర్యవేక్షణలో తిండిని రోజుకు 850 కేలరీల దాకా తగ్గించి బరువు దించుకున్నారు. ఏడాది తర్వాత నూటికి 46 మందిలో మందుల్లేకుండానే చక్కెర అదుపులో ఉన్నది, రెండేళ్లకు 36 మందిలో నిలిచింది. మన దగ్గర షుగర్ మనుషులు చాలామంది అంత లావు ఉండరు కాబట్టి అవే అంకెలు ఇక్కడ వస్తాయనుకోలేం. గోలీలు వాడేవాళ్లు డాక్టర్ లేకుండా ఆ ఉపవాసం చేయనూ కూడదు. మూడు పూటల తెల్లన్నం తగ్గించి ఒక పూట జొన్నరొట్టె, పప్పు, కూర మీదికి రావడం, పొట్ట తగ్గించడం కూడా పూడిక తీసే పనే. ఒకటి మాత్రం గుర్తుండాలి: జొన్న గట్క అయినా, మక్క గట్క అయినా గిన్నెడు తింటే చక్కెర పెంచుతుంది.

మరి నిజమైన మూలకణ చికిత్స ఒకనాడు ఈ నేలకు వస్తే మొదట ఎవరికి అందాలి? సూది సరిగ్గా వేసుకుంటున్నా రాత్రిపూట చక్కెర పడిపోయి తెల్లారి లేవలేని టైప్-1 మనుషులకు. వాళ్లెవరో ఇప్పుడే తెలిసి ఉండాలి. ఐసీఎంఆర్ 2006 నుంచే చిన్న వయసులో షుగర్ వచ్చినవాళ్ల పట్టిక నడుపుతున్నది. వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల ఉన్నది, ఎంజీఎం ఉన్నది, రాష్ట్రానికంతా ఆరోగ్య విశ్వవిద్యాలయం కాళోజీ పేరుతో ఇక్కడే ఉన్నది. భూపాలపల్లి నుంచి మహబూబాబాద్ దాకా టైప్-1 ఉన్న ప్రతి పిల్ల పేరు మీద ఒక పుస్తకం తెరవడానికి కొత్త యంత్రాలేవీ అక్కర లేదు. షుగర్ బయటపడిన తేదీ, సీ-పెప్టైడ్, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, కంటి పరీక్ష, మూత్రంలో ప్రొటీన్, నెలలో ఎన్ని రాత్రులు చెమటలు పట్టి లేచింది, ఎన్ని స్ట్రిప్‌లు కొనగలిగారు, ఇంట్లో ఫ్రిజ్ ఉన్నదా, గురిగి ఉన్నదా. తొలి పేజీలో ఆ పిల్ల పేరు, ఊరు, ఆశా కార్యకర్త ఫోన్ నంబర్.